ఏ మొక్కు తీర్చుకోడానికి?

హవాయి వెళ్తున్నామని ఫోనులో చెప్పినప్పుడు, ఊళ్ళో ఉన్న అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "అక్కడ ఏ దేవుడున్నాడర్రా?"

దేవుడు కాదమ్మా, సముద్రం ఉంది అన్నాం. "సముద్రం సూర్యలంకలో లేదూ? కార్తిక పౌర్ణమికి వస్తే స్నానమూ అవుతుంది, నేను పిల్లల్ని చూసుకొన్నట్టూ అవుతుంది" అన్నది. ఏదో సర్ది చెప్పి ఫోను పెట్టేశాం. తరువాత ఈ మాటను ఇక్కడి మిత్రులకు రెండు మూడు విందుల్లో చెప్పి నవ్వించాం కూడా. కాని వైకీకీ ఇసుకలో వారం రోజులు గడిపి వచ్చాక ఆ ప్రశ్నలో నవ్వవలసింది ఏమీ లేదని తెలిసింది. అమ్మ తనకు తెలిసిన లోకాన్నిబట్టి అడిగింది. ఆ లోకంలో ఏ ప్రయాణానికైనా ఒక కారణం ఉండేది. ఆ కారణం ఎప్పుడూ ఒక బాకీయే.

మా చిన్నతనం గుర్తు చేసికొంటే అంతే. తిరుపతి వెళ్ళడం మొక్కు బాకీ. పెళ్ళికి వెళ్ళడం, వాళ్ళు మన ఇంటి పెళ్ళికి వచ్చి వెళ్ళిన బాకీ. చావు కబురు వింటే తిన్న చెయ్యి కడుక్కొని బస్సు ఎక్కడం, అది ఎవరికి ఎవరు పడ్డ బాకీయో లెక్కకు అందనిది. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్ళడం పిల్లలకు ఆట, పెద్దలకు పుట్టింటి బాకీ. ఎవరూ పిలవకుండా, ఎవరినీ చూడడానికి కాకుండా, ఏ మొక్కూ లేకుండా, ఒక ఊరికి పోయి వారం రోజులు ఊరికే కూర్చోవడమనే పని మా ఇళ్ళలో లేదు. దానికి ఇంట్లో వాడే మాట కూడా లేదు. విహారయాత్ర అన్నది పుస్తకాల మాట. అందుకే ఇక్కడికి వచ్చినవాళ్ళమందరం "వెకేషన్" అనే ఇంగ్లీషు మాటతోనే సరిపెట్టుకొంటున్నాం.

అంటే, మన కుటుంబాల చరిత్రలో ఎవరికీ ఏమీ బాకీ లేకుండా చేసే మొదటి ప్రయాణం ఇదేనన్న మాట. నిజంగా బాకీ లేదా అన్నదే ఈ వ్యాసంలో మా ప్రశ్న.

మొదటే ఒక మాట చెప్పుకోవాలి. విశ్రాంతి పాపమని మేము అనడం లేదు. వైద్యులుగా అలా అనలేం కూడా. రాత్రి డ్యూటీలు వరుసగా చేసి, రోగి పేరు గుర్తు రాక చార్టు తిరగేసిన రోజులు మాకున్నాయి. అలసిన డాక్టరు చేసే తప్పుకు మూల్యం డాక్టరు కాక వేరొకరు చెల్లిస్తారు. రోగులకు రోజూ విశ్రాంతి రాసి ఇచ్చే మేము దాన్ని మాకు నిషేధించుకోవడం గొప్పతనం కాదు. గీత కూడా ఆహారమూ విహారమూ మితంగా ఉండాలన్నదే గాని, విహారమే వద్దనలేదు. కాబట్టి వెళ్ళవచ్చునా అనే ప్రశ్నకు జవాబు సులభం. వెళ్ళినచోట మనం ఎవరం అనే ప్రశ్నకే జవాబు కష్టం.

హోటల్లో అడుగు పెట్టగానే మెడలో ఆర్కిడ్ పూల దండ వేశారు. మన దేశంలో దండ దేవుడికి వేస్తారు, పెళ్ళికూతురికీ పెళ్ళికొడుకుకూ వేస్తారు, ఎన్నికలు గెలిచినవాడికి వేస్తారు. గది రిజర్వు చేసికొన్నవాడికి వేయడం అప్పుడే చూశాం. చాలా గౌరవంగా అనిపించింది, కొంచెం సిగ్గుగానూ అనిపించింది. తిథి వార నక్షత్రాలతో పని లేకుండా వచ్చేవాడు అతిథి అని మన పెద్దలు చెప్పేవారు. మేము వచ్చే తేదీ, పోయే తేదీ, ఎక్కవలసిన అంతస్తు, గది నెంబరు, క్రెడిట్ కార్డు నెంబరుతో సహా ఆరు నెలల ముందే వాళ్ళకు తెలుసు. ఇంత నిశ్చయమైన తిథి గలవాళ్ళం అతిథులం ఎలా అవుతాం?

అతిథులం కాకపోతే కొనుగోలుదారులం. మా మిత్రుడొకరు ఈ మాటే బల్ల గుద్ది చెప్తారు. "వాళ్ళు అమ్మారు, మీరు కొన్నారు. ఇద్దరికీ లాభమే. బిల్లు కట్టాక ఇంకా ధర్మసూక్ష్మం వెతకడమెందుకు? బజారుకు పోయి వంకాయలు కొన్నప్పుడు రైతుకు ఋణపడ్డామని ఏడుస్తామా?" ఆయన మాటలో బలం ఉంది. దానికి జవాబు వెతకాలంటే, మేము కొన్నది ఏమిటో ముందు చూడాలి.

వైకీకీ సుమారు రెండు మైళ్ళ సముద్రతీరం. ఒక పక్క డైమండ్ హెడ్ కొండ, ఇంకో పక్క హొనొలూలు నగరం, వెనక వరుసగా హోటళ్ళు. అక్కడి పాత హోటళ్ళలో మొదటిది 1901లో తెరిచిన మోయానా. దాని పెరట్లో, సముద్రానికి ఎదురుగా, పెద్ద మర్రిచెట్టు ఉంది. 1904లో నాటారట. మన దేశపు మర్రి. ఊడలు దిగి, కొమ్మలు నాలుగు దిక్కులా పాకి, దాని కింద చాలామందికి నీడ ఇస్తున్నది. రచ్చబండ ఉండవలసిన చోట కాఫీ బల్లలున్నాయి. మేమూ ఒక బల్ల దగ్గర కూర్చొన్నాం. మనలాగే వేరే నేల నుంచి వచ్చి పాతుకుపోయిన చెట్టు గదా అని ముచ్చటపడ్డాం. మరి ఈ చెట్టు రాకముందు ఇక్కడ ఏముండేది అని మా పెద్దపిల్ల అడిగింది. తెలియదన్నాం. ఆ సాయంత్రం నుంచి తెలిసికోవడం మొదలు పెట్టాం.

వైకీకీ అంటే హవాయి భాషలో ఉబికే నీళ్ళు అని అర్థం. మానోవా, పాలోలో, మకీకీ లోయల నుంచి వచ్చే ఏళ్ళు ఇక్కడ పల్లంలో పరుచుకొని సముద్రంలో కలిసేవి. ఆ పల్లమంతా మళ్ళు, చేపల చెరువులు. తరువాతి కాలంలో చైనా నుంచి వచ్చిన రైతులు అక్కడ వరి కూడా పండించి, బాతులు పెంచారు. కృష్ణా డెల్టాలో పుట్టిన మాకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాలేదు. 1921 నుంచి 1928 వరకు అలా వై అనే కాలువ తవ్వి, ఏళ్ళను అందులోకి మళ్ళించి, తవ్విన మట్టితో మళ్ళను పూడ్చేశారు. పూడ్చిన ఆ నేలమీద ఇప్పటి హోటళ్ళు ఎన్నో లేచాయి. ఇసుక కూడా చాలావరకు వేరేచోట నుంచి తెచ్చి పోసిందే. కాళ్ళ కింద ప్రకృతి అనుకొన్నది సగం ఇంజనీరింగు అన్నమాట.

ఆ మళ్ళలో పండేది కాలో. మార్కెట్లో చూడగానే గుర్తు పట్టాం. మన చేమ! ఏనుగు చెవుల్లాంటి అవే ఆకులు, నీళ్ళు నిలవని అదే నునుపు. దుంపను ఉడికించి, దంచి, నీళ్ళు కలిపి చేసిన పోయి అనే ముద్దను హవాయి వాళ్ళు మనం అన్నం తిన్నట్టు తింటారు. ఆసియా నుంచి పసిఫిక్ దీవుల మీదుగా, పడవల్లో పిలకలు భద్రంగా పెట్టుకొని తెచ్చుకొన్న పంట అది. మనకు చేమదుంప పులుసులోకో వేపుడులోకో పనికివచ్చే కూర. వాళ్ళకు అన్నగారు.

అన్నగారు అన్నది మేము కల్పించిన మాట కాదు. వాళ్ళ పురాణకథ అలా ఉంది. ఆకాశపు తండ్రి వాకేయాకు మొదట పుట్టిన బిడ్డ ప్రాణం లేకుండా పుట్టింది. ఆ బిడ్డను పాతిపెట్టిన చోట కాలో మొక్క మొలిచింది. తరువాత పుట్టిన బిడ్డ మనిషి అయ్యాడు. అన్నగారి పేరే అతనికీ పెట్టారు, హాలోవా అని. అతడే హవాయి జాతికి మూలపురుషుడు. అన్న తమ్ముడికి తిండి పెడతాడు, తమ్ముడు అన్నను సాకుతాడు. ఇద్దరిలో ఎవరి బాకీ ఎప్పటికీ తీరదు. కుటుంబానికి వాళ్ళు వాడే ఓహానా అనే మాట కాలో పిలకను చెప్పే ఓహా అనే మాట నుంచి వచ్చింది. పోయి గిన్నె మూత తీసి ఉన్నంతసేపు భోజనాల దగ్గర పోట్లాడుకోకూడదని వాళ్ళ ఇళ్ళలో కట్టడి. ఇంటి పెద్ద ఎదురుగా కూర్చొని ఉన్నట్టు లెక్క.

ఇది విన్నాక బజారులో వంకాయల పోలిక మాకు సరిపోలేదు. రైతు వంకాయ అమ్ముతాడు గాని పొలాన్నీ పెద్దన్ననూ అమ్మడు. వైకీకీలో మేము అద్దెకు తీసికొన్నది గది ఒక్కటే కాదు. ఒకరి అన్నగారి పొలం పూడ్చి కట్టిన చోటు అది. అమ్మినవాళ్ళు వేరు, పోగొట్టుకొన్నవాళ్ళు వేరు.

చరిత్ర కూడా క్లుప్తంగా చెప్పుకోక తప్పదు. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చేసరికి ఆ దీవుల్లో మనుషులు లక్షల్లో ఉన్నారు. నూరేళ్ళు తిరిగి 1878లో లెక్క పెట్టేసరికి హవాయి జాతివారు యాభై వేలకు లోపే. తట్టు, మశూచి, సుఖవ్యాధులు వచ్చిపోయేవాళ్ళతో వచ్చాయి. మొట్టమొదటి సందర్శకులు తెచ్చిన కానుకలు అవి. వైద్యులుగా ఈ లెక్క చదవడం మాకు కష్టమయింది. 1893లో వ్యాపారస్థులు కొందరు, అమెరికా సైనికులు దిగిన అండతో, లిలియుఒకలాని రాణిని గద్దె దించారు. 1898లో అమెరికా ఆ దీవులను కలుపుకొన్నది. 1959లో రాష్ట్రం చేసింది. నూరేళ్ళకు, 1993లో, రాణిని దించినందుకు అమెరికా కాంగ్రెసు తీర్మానం చేసి క్షమాపణ చెప్పుకొన్నది. నేల మాత్రం తిరిగి రాలేదు. 2020 జనాభా లెక్కల ప్రకారం హవాయి జాతివారిలో సగానికి పైగా ఇప్పుడు హవాయిలో లేరు. ఇళ్ళ ధరలకు తట్టుకోలేక లాస్ వేగస్‌కూ కాలిఫోర్నియాకూ వలసపోయిన కుటుంబాలు ఎన్నో. మనం బతుకుతెరువుకోసం ఊరు వదిలి వచ్చాం. వచ్చేపోయేవాళ్ళతో తమ ఊరు ఖరీదైపోయి వాళ్ళు వదిలారు. రెండూ వలసలే గాని ఒకటి కావు.

ఇంతవరకు చెప్పింది పుస్తకాల్లోనూ మ్యూజియంలోనూ తెలిసిన సంగతి. అసలు ప్రశ్న మాకు గది శుభ్రం చేయడానికి వచ్చే మనిషి దగ్గర ఎదురయింది.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. ఫిలిప్పీన్స్ దేశం నుంచి ఇరవై ఏళ్ళ కిందట వచ్చిందట. రోజుకు పద్నాలుగు గదులు. సాయంత్రం వేరొకచోట వంటింట్లో పని. 2018లో వైకీకీ హోటళ్ళలో పనివాళ్ళు ఏడు వారాలకు పైగా సమ్మె చేశారు. బతకడానికి ఒక్క ఉద్యోగం చాలాలి అన్నది వాళ్ళ నినాదం. ఆ నినాదానికి అర్థం ఆవిడను చూశాక తెలిసింది. పరుపు మూల ఎత్తి దుప్పటి దోపుతూ ఒక్క క్షణం ఆగి, కుడి బొటనవేలి మొదట్లో మణికట్టు పట్టుకొని నొక్కుకొన్నది. వృత్తి అలవాటు చొప్పున చెయ్యి చూపించమన్నాం. పిండీ, ఎత్తీ, లాగీ స్నాయువు పొర వాచిన చెయ్యి అది. ఏ పట్టీ కట్టుకోవాలో, ఎలా ఎత్తకూడదో చెప్పాం. ఎత్తకూడదు అని చెప్పేటప్పుడే ఆ మాట ఎంత వట్టిదో మాకు తెలుసు. ఆవిడ ఎత్తకూడని పరుపు మాదే గదా!

వాళ్ళ అమ్మను చూసి ఆరేళ్ళయిందట. నెల నెలా డబ్బూ, ఏడాదికోసారి పెద్ద అట్టపెట్టెలో సబ్బులూ బట్టలూ డబ్బాలూ పంపుతుందట. మేము ముఖాలు చూసుకొన్నాం. అమ్మకు మేము పంపేదీ అలాంటిదే. సెలవు దొరికితే ఆవిడ వాళ్ళ అమ్మ దగ్గరకు పోతుంది. మాకు సెలవు దొరికితే ఆవిడ ఉన్నచోటికి వచ్చాం. ఈ రెండు వాక్యాలకు మధ్య ఉన్న దూరమే మా ఆదాయం.

రోజూ బల్లమీద టిప్పు పెట్టేవాళ్ళం. చివరికి ముందురోజు, మనసు ఊరుకోక, కొంచెం పెద్ద మొత్తం చేతికే ఇచ్చాం. నిజం చెప్పాలంటే లోపల ఒక తృప్తి కలిగింది. లెక్క సరిపోయింది, ఇంక నిశ్చింతగా విమానం ఎక్కవచ్చు అనిపించింది. ఆవిడ థాంక్స్ చెప్పి తీసికొన్నది. మరునాడు పొద్దున ఒక ప్లాస్టిక్ సంచితో వచ్చింది. అందులో ఎనిమిది మామిడిపళ్ళు. వాళ్ళ పెరటి చెట్టువి, పిల్లలకని.

ఆ సంచితో మా లెక్క తప్పిపోయింది. డబ్బు ఇచ్చి మేము మూసేద్దామనుకొన్న ఖాతాను ఆవిడ మామిడిపళ్ళతో మళ్ళీ తెరిచింది. ఆవిడకు ఇలాంటి ఆలోచన ఏమీ ఉండకపోవచ్చు. పిల్లలున్న ఇంటికి వట్టి చేతులతో పోకూడదని మన ఊళ్ళో ఏ ముసలమ్మనడిగినా చెప్తుంది, వాళ్ళ ఊళ్ళోనూ చెప్తారు కాబోలు. అంటే ఆ హోటలు గది ఆవిడ దృష్టిలో పిల్లలున్న ఇల్లు. మా దృష్టిలో ఆవిడ అంతవరకు గదితోపాటు వచ్చే సదుపాయం.

హవాయి మామిడిపళ్ళను విమానంలో మెయిన్‌లాండుకు తీసుకుపోనివ్వరు. పళ్ళలో పురుగులూ ఈగలూ వస్తాయని తనిఖీలో తీసేస్తారు. అందుకని ఆ ఎనిమిది పళ్ళూ అక్కడే, నేలమీద తువ్వాలు పరుచుకొని కూర్చొని, మోచేతుల వరకు రసం కారుతుండగా తినేశాం. తిన్నాక నేల మేమే తుడిచాం, తువ్వాళ్ళు మేమే పిండి ఆరేశాం, దుప్పట్లు మేమే తీసి మడత పెట్టాం. వారం రోజుల్లో ఆ గదిలో మేము చేసిన పని అదొక్కటే. చిత్రమేమంటే, పిల్లలకు ఆ ప్రయాణంలో బాగా గుర్తుండిపోయిన పూట కూడా అదే.

డబ్బుకూ ఋణానికీ ఉన్న తేడా వైద్యులకు తెలియనిది కాదు. ఊళ్ళో డాక్టరు దగ్గర ఫీజు కట్టిన రైతు, పంట చేతికి వచ్చాక మినుములో జామపండ్లో పట్టుకొని వచ్చేవాడు. ఫీజు మందుకు. జామపండ్లు అర్ధరాత్రి తలుపు తీసినందుకు. ఇక్కడ కూడా బిల్లు కట్టిన రోగి క్రిస్మస్ కార్డు పంపితే దాచుకోని డాక్టరు లేడు. ఎవరైనా రోగి "డబ్బు కట్టాను గదా, నీ పని నువ్వు చెయ్యి" అంటే మనకు ఎంత కష్టంగా ఉంటుంది! మన సేవను కొనలేరని మనకు గట్టి నమ్మకం. ఇతరుల సేవ దగ్గరకు వచ్చేసరికి మాత్రం రసీదు చాలునంటాం.

ఇంకా లోతుకు పోతే మన గొంతుకే వస్తుంది. మేము చదివింది ప్రభుత్వ వైద్య కళాశాలలో. మేము కట్టిన ఫీజు అసలు ఖర్చులో ఏ మూలకూ రాదు. మిగిలినది, జ్వరం వస్తే ఆ ఆస్పత్రి వరండాలోనే పడుకొనే జనం కట్టిన పన్నుల్లోది. మొదటి సంవత్సరం అనాటమీ బల్లమీద మాకు శరీరమంటే ఏమిటో నేర్పిన ఆ పేరు తెలియని మనిషికి ఏ ఫీజు కట్టాం? విదేశానికి వెళ్ళిన డాక్టర్లను గురించి ఊళ్ళో ఎవరైనా ఎత్తిపొడిస్తే, ఫీజు కట్టే చదివాం అని చెప్పుకొన్నవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ జవాబూ వైకీకీ హోటలు బిల్లూ ఒకటే. రెండూ నిజమే, రెండూ చాలవు.

మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు ఋణపడి పుడతాడని మనందరం విన్నదే. శతపథ బ్రాహ్మణం నాలుగోది ఒకటి కలిపింది, మనుష్య ఋణం. తోటి మనిషికి పడ్డ బాకీ. అది తీరే దారి కూడా అందులోనే ఉంది: వచ్చినవారికి చోటు ఇవ్వడం, అన్నం పెట్టడం. ఈ ఋణాన్ని సొమ్ము ఇచ్చి తీర్చమని అనలేదు. పుచ్చుకొన్న ఆతిథ్యాన్ని మళ్ళీ ఇంకొకరికి ఆతిథ్యంగానే తిరిగి ఇవ్వాలి. కొనుగోలులో ఇద్దరూ లెక్క తేల్చుకొని విడిపోతారు. ఆతిథ్యంలో ఇద్దరూ బాకీతోనే విడిపోతారు, అందుకే మళ్ళీ కలుస్తారు.

అయితే ఇంత ఆలోచించేవాళ్ళు అసలు వెళ్ళడం మానుకోరాదా అని అడగవచ్చు. మానుకొంటే ఏమవుతుందో 2020లో లోకం చూసింది. కోవిడ్ వల్ల సందర్శకులు ఆగిపోయిన ఏప్రిల్ నెలలో హవాయిలో నిరుద్యోగం ఇరవై శాతం దాటింది. మాకు మామిడిపళ్ళు ఇచ్చిన మనిషి ఆ నెలల్లో ఉచిత ఆహారం ఇచ్చే చోట వరుసలో నిలబడిందట. అదే కాలంలో హనౌమా అఖాతంలో మనుషులు దిగక నీళ్ళు తేటపడ్డాయి. మనం రాకపోతే సముద్రానికి మేలు, పనిమనిషికి ఆకలి.

అదే చిక్కు 2023లో, పక్కనే ఉన్న మావీ ద్వీపంలో మరీ కఠినంగా వచ్చింది. ఆగస్టు 8న లహైనా పట్టణం కాలిపోయి నూటికి పైగా ప్రాణాలు పోయాయి. ఇల్లు పోయిన జనం హోటలు గదుల్లో తలదాచుకొంటుండగానే, అక్టోబరు 8 నుంచి ఆ ప్రాంతానికి సందర్శకులను మళ్ళీ రానిచ్చారు. మా శవాలింకా చల్లారలేదు, ఇప్పుడే రావద్దు అన్నవాళ్ళు ఆ ఊరివాళ్ళే. మీరు రాకపోతే అద్దె కట్టలేం, రండి అన్నవాళ్ళూ ఆ ఊరివాళ్ళే. ఇద్దరి మాటా నిజమే. ఆ ఊళ్ళో 1873లో నాటిన మర్రి ఒకటి ఉంది, అదీ మన దేశం నుంచి తెచ్చిందే. మంటల్లో మాడి, కొద్ది వారాల్లోనే మళ్ళీ చిగిర్చింది. తమ ఇంటి గోడలు లేనివాళ్ళు ఆ చెట్టుకు ట్యాంకర్లతో నీళ్ళు పోశారు. వలసవచ్చిన చెట్టు కూడా నీడ ఇచ్చినందుకు ఆ ఊరిదయిపోయింది. మన గురించి ఆలోచించుకొనేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

కాబట్టి వెళ్ళడమా మానడమా అన్న దాంట్లో తప్పించుకొనే దారి మాకు కనబడలేదు. వెళ్ళినా బాకీయే, మానినా బాకీయే. తేడా అల్లా మనల్ని మనం ఏమని అనుకొని వెళ్తామన్నది. కొనుగోలుదారుకు హక్కులే ఉంటాయి. ఇంటికి వచ్చిన చుట్టానికి మర్యాదలూ ఉంటాయి. చుట్టపు చూపుగా ఎవరింటికైనా వెళ్తే మనం ఏం చేస్తామో ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంటి యజమాని పేరు, ఇంట్లో వాళ్ళ మంచిచెడ్డలు తెలిసికొంటాం. పెట్టింది తింటాం. పూజగదిలోకి చెప్పులతో పోం. నీళ్ళ కరువున్న ఇంట్లో రెండు పూటలా తలంటుకోం. వాళ్ళకు ఒంట్లో బాగా లేదని తెలిస్తే రాక వాయిదా వేసికొంటాం.

హవాయిలో ఈ మర్యాదలు కొన్ని చట్టాలుగా కూడా వచ్చాయి. పగడపు దిబ్బలకు హాని చేసే రెండు రకాల రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని 2021 నుంచి ఆపేశారు. రోగులకు సన్‌స్క్రీన్ రాయమని చదువుకొన్న మేమే ట్యూబు వెనక అక్షరాలు అక్కడ మొదటిసారి చదివాం. జింక్ ఆక్సైడు ఉన్నది చాలు, చర్మానికీ మంచిది, సముద్రానికీ మంచిది. హనౌమా అఖాతాన్ని వారానికి రెండు రోజులు మూసి ఉంచుతారు. మిగిలిన రోజుల్లో కూడా, అక్కడ ఎలా మసలుకోవాలో చెప్పే చిన్న సినిమా చూస్తేనే నీళ్ళలోకి దిగనిస్తారు. చేపలకు కూడా సెలవు కావాలన్నమాట! మనకు మొదట విసుగనిపించే నియమాలు ఇవి. అమ్మమ్మగారింట్లో కాళ్ళు కడుక్కొని లోపలికి రమ్మన్నప్పుడు కూడా చిన్నప్పుడు విసుక్కొన్నాం.

ఇందువల్ల ఋణం తీరిపోతుందని మేము చెప్పడం లేదు. ఋణం ఉన్నదని తెలిసినవాడి నడక వేరుగా ఉంటుందని మాత్రమే చెప్తున్నాం. ఆ నడక ఈ దేశంలో మన రోజువారీ బతుకులో కూడా పనికివస్తుంది. మనం కూడా ఇక్కడ ఒకరి నేలమీద, మరొకరు దున్నిన చోట, ఇంకొకరు పోట్లాడి తెచ్చిన చట్టాల నీడలో ఉంటున్నవాళ్ళమే. పన్ను కడుతున్నాం, నిజమే. అది బిల్లు.

తిరిగి వచ్చాక అమ్మకు ఫోను చేసి అన్నీ చెప్పాం. సముద్రం రంగు చెప్పాం, మర్రిచెట్టు చెప్పాం, చేమదుంపను అన్నగారంటారని చెప్తే "మంచిమాటే" అన్నది. మామిడిపళ్ళ సంగతి చెప్పినప్పుడు ఆసక్తిగా విన్నది.

"అయితే ఆవిడకు మీరేం పెట్టారు?" అని అడిగింది.

ఎంత ఇచ్చామో రూపాయల్లోకి మార్చి చెప్పాం.

"ఎంత ఇచ్చారని కాదర్రా, ఏం పెట్టారు అంటున్నాను."

ఇచ్చామని చెప్పగలిగాం. పెట్టామని చెప్పలేకపోయాం.